పావురపు పిల్లలను గూటికి మరలి వచ్చునట్లు నేర్పుట

మన సంఘ సభ్యుల యిండ్లలో పావురములు క్రొత్తవి కావు. చూరుక్రింద కుండలు వ్రేలగట్టి, వానిలో జంటలను సాకుచు, రెట్టను కూరపాదులకు ఎరువుగా వేసికొనుట మన పెద్దలు ఎరిగినదే. అయితే ఇటీవల గ్రామములలో కొందరు యువకులు హోమరు అను జాతి పావురములను పట్టణపు సంతలలో వెలయిచ్చి కొని తెచ్చి, దూరమునకు గొనిపోయి విడిచి, అవి ఇల్లు చేరుటకై ఆకాశమువంక చూచుచు కూర్చుండుచున్నారు. పెక్కుసార్లు ఆ పక్షి రాదు. వెలయు పోయినది, వేడుకయు పోయినది. పిదప చెడుజాతి పక్షి నంటగట్టినాడని అమ్మినవానిని దూషించుటయు, పొరుగువాడు పట్టుకొన్నాడని తగవులాడుటయు జరుగుచున్నవి. విచారింపగా పక్షియందు దోషము అరుదు, నేర్పిన క్రమమునందే దోషము తరచు. కావున పిల్ల గుడ్డునుండి వెలువడినది మొదలు, ఏబది అరువది కిలోమీటర్ల దూరమునుండి ఒంటరిగా ఇల్లు చేరువరకు, దానిని ఎట్లు నడుపవలయునో సభ్యులకు తెలియజేయ తలచితిమి.

ఒక మాట ముందుగా చెప్పుట మంచిది. ఇది లాభము తెచ్చు వృత్తి కాదు. పాడిగేదెలకును విత్తనములకును సంఘమువద్ద అప్పు కోరుట న్యాయమే గాని, పావురములకై అప్పు అడుగువారిని మేము ప్రోత్సహింపజాలము. పంట చేతికివచ్చి, బాకీలు తీరిన పిదప మిగిలినదానితో నాలుగు జంటలు సాకుకొనుట వేరు, పందెములు కాయుటకై ఋణము చేయుట వేరు.

ఇక ఈ పక్షులవలన ప్రయోజనమేమని అడుగువారికి మన సరిహద్దుననే యొక నిదర్శనము గలదు. కొరాపుట్టు సీమ 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. అచ్చటి కొండలును, అడవులును, వానకాలమున పొంగు గెడ్డలును ఉత్తరాంధ్ర రైతులకు తెలియనివి కావు. తంతితీగెలు లేని అట్టి తావులనుండి వార్తలు పంపుటకై, 1946లో సైన్యమువారు ఇచ్చిన 200 పావురములతో పోలీసువారు ఆ సీమలో పావురముల టపాను పరీక్షార్థము ప్రారంభించిరి. అది ఫలించుటచే క్రమముగా ఇతర ప్రాంతములకును వ్యాపించెను. కటకము దానికి ముఖ్యస్థానమయ్యెను. పక్షులు బెల్జియము దేశపు హోమరు జాతివి. పలుచని కాగితముపై వార్త వ్రాసి, చుట్టి, చిన్న గొట్టములో పెట్టి కాలికి కట్టెడివారు. దారిలో డేగ పట్టునేమోయని ఒకే వార్తను రెండు పక్షులకిచ్చి విడుచుట వాడుక.

1948 ఏప్రిల్ 13వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ సంబల్పూరునుండి కటకమునకు, తాము మాటలాడవలసిన బహిరంగ సభ యేర్పాట్లను గురించి, ఈ టపామూలముగనే వార్త నంపిరి. అంతకన్న గొప్పది 1982 వరదలలో జరిగిన పని. అప్పుడు బంకి పట్టణమునకు దారులన్నియు తెగిపోగా వార్తలు తెచ్చుటకు ఈ పక్షులే దిక్కయ్యెను. 1999 అక్టోబరు నాటి పెనుతుపానులో తీగెలు తెగి, స్తంభములు కూలినప్పుడును అవి ఉపయోగపడెను. సెల్‌ఫోనులు వ్యాపించిన మీదట 2008లో ఈ టపాను నిలిపివేసిరి. పక్షులను మాత్రము వెంటనే వదలుకొనక, ఉత్సవదినములలో ఎగురవేయుటకు సాకుచు వచ్చిరి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూచిన సభ్యులు ఇది చదివి నిట్టూర్పు విడువవచ్చును. ఆనాడు దారులు తెగి, తంతి స్తంభములు పడిపోయి, ఒక గ్రామము సంగతి మరియొక గ్రామమునకు తెలియలేదు. అయితే అట్టి ఉప్పెనలో ఇండ్లతోపాటు పావురముల గూడును మునుగును. కావున పావురము లుండినచో అందరును బ్రతికియుందురని మేము చెప్పము. మెరకనున్న ఊరి గూటినుండి తెచ్చిన పక్షులు రెండు పల్లపు గ్రామమున ఉండినచో వార్త మరునాటికి పోయియుండునని మాత్రము చెప్పవచ్చును. ఇది తలచియే, ఈ విద్య కేవలము పిల్లకాయల ఆటగా తీసివేయుట మాకు సమ్మతము కాదు.

గూటిని గురించి

పావురము ఎచ్చటికిని వార్త కొనిపోవునని పలువురు భ్రమపడుచున్నారు. అది తన గూటికి మాత్రమే పోవును. అందుచే గూడు దానికి ఇష్టమైనదిగా నుండవలెను. పెద్ద ఖర్చు అక్కరలేదు. నాలుగడుగుల ఎత్తు స్తంభములపై చెక్కపెట్టెవంటి గది, పైన రేకుగాని తాటియాకుగాని, ముందుభాగము కంబివల, లోపల పక్షి కొక్కటి చొప్పున కూర్చుండు దండెములు ఉండిన చాలును. ముఖము తూర్పునకుగాని ఆగ్నేయమునకుగాని ఉండినచో ఉదయపు ఎండ తగులును. వాన జల్లు లోపలికి కొట్టరాదు. నేల తడిసిన గూటిలో ఎంత మంచి జాతియైనను క్షీణించును. స్తంభములకు నడుమ రేకు తొడిగినచో ఎలుకలును పాములును ఎక్కజాలవు. పిల్లి యొకరాత్రి ప్రవేశించినదా, చంపినవి పోగా మిగిలిన పక్షులును భయపడి ఆ గూటిని రోయును.

లోనికి వచ్చు ద్వారమునకు పైనుండి వ్రేలాడు సన్నని కంబులు కట్టవలెను. పక్షి బయటినుండి తలతో నెట్టిన అవి లోనికి ఒరగును. లోపలినుండి నెట్టినచో గడపకు తగిలి నిలిచిపోవును. ఇట్లు రాదగును గాని పోరాదు. దూరమునుండి వచ్చిన పక్షి ఇంటికప్పుమీద గంటసేపు కూర్చుండినచో, అది ఎంత వేగముగా వచ్చినను వార్త చేతికి రాదు గదా! కావున ఆలస్యము చేయక లోపలికి దూరుట పిల్లకు నేర్పవలసిన మొదటి పాఠము.

పిల్ల వయస్సు

ఆడుపక్షి రెండు గ్రుడ్లు పెట్టును. పదునెనిమిది దినములు పొదిగిన మీదట పిల్లలు వెలువడును. తల్లియు తండ్రియు కూడ తమ మేతసంచిలో ఊరు పాలవంటి పదార్థమును మొదటి దినములలో వానికి పెట్టును. ఇది పక్షులలో మిక్కిలి అరుదైన విశేషము. ఏడెనిమిది దినములలో కాలికి గుర్తుకడియము తొడుగవలెను, తరువాత పాదము పెరిగి కడియము పట్టదు. ఇరువదియైదు మొదలు ముప్పది దినముల లోపల పిల్ల తనంతట తిన నేర్చును. అప్పుడే తల్లినుండి వేరుచేయవలెను.

ఈ ముప్పది దినముల వయస్సే ముఖ్యము. పరాయి ఇంటినుండి పిల్లను కొనునప్పుడు, అది ఇంకను గూడు విడిచి ఆకాశమున ఎగురక మునుపే కొని తెచ్చుకొనవలెను. ఒకసారి వేరొక గూటిచుట్టు ఎగిరి, దానిని తన ఇల్లుగా నెరిగిన పక్షి మీ యింట ఏడాది బంధింపబడియుండినను, విడిచిననాడు పాత ఇంటివైపే పోవ చూచును. అట్టి పెద్దపక్షులను జంటకట్టి, బయటికి విడువక, వాని పిల్లలను మాత్రము నేర్పుకొనవచ్చును. సంతలో వేయి కిలోమీటర్లు ఎగిరిన పక్షియని చెప్పి అమ్మబడు పెద్దపావురములను కొని విడిచినవారు తమ డబ్బును తామే గాలిలో విడిచినట్లు. ఆ పక్షి నిజముగా అంత మంచిదైనచో, అమ్మినవాని యింటికే మరలిపోవును!

మేతవేళ పిలుపు

క్రొత్తగా వేరుచేసిన పిల్లలకు మొదటి వారము గూటిలోపలనే నీళ్లతొట్టి చూపి, దండెమున కూర్చుండుట అలవరుపవలెను. మేత వేయునప్పుడెల్ల ఒకే విధముగా పిలువవలెను. ఈల వేయుదురో, రేకుడబ్బాలో గింజలు గలగలలాడింతురో మీ యిష్టము. ఒకనాడు ఈల, ఒకనాడు డబ్బా పనికిరాదు. ఆ శబ్దము వినగానే కాళ్లచుట్టు మూగునంతవరకు పైకి విడువరాదు.

దినమునకు పక్షి యొక్కింటికి సుమారు 30 గ్రాములు, అనగా రెండున్నర తులముల గింజలు చాలును. జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న, గోధుమలు వీనితో పెసలుగాని, అలసందలుగాని, బఠాణీలుగాని కలుపవలెను. గింజ పాతదై బాగుగ ఎండియుండవలెను. క్రొత్తగింజ విరేచనములు కలిగించును. బూజుపట్టిన గింజ విషముతో సమానము, కోళ్లకు పనికిరానిది పావురములకును పనికిరాదు. ఆల్చిప్పల పొడి, ఇటుకపొడి, రవంత ఉప్పు కలిపి ఒక మూకుడులో ఎల్లప్పుడు ఉంచవలెను.

రైతులకు ముఖ్యమైన సంగతి యొకటి ఇచ్చటనే చెప్పవలెను. పగలంతయు బయట వదలిన పావురములు పొరుగువారి కళ్లములమీదను, విత్తిన చేలమీదను వాలును. అందువలన తగవులు పుట్టుటయే గాక, మందు పట్టించిన విత్తనములు తిని పక్షులు చచ్చును. గూటిలోనే మేతపెట్టి, నియమిత కాలమున ఎగురవేసి, పిలిచి లోపల వేసికొనుట అలవాటైన పక్షులు చేలపై వాలుట తక్కువ. పొరుగు రైతుతో స్నేహము నిలుపుకొనుటకును, పక్షిని నిలుపుకొనుటకును సాధన మొక్కటే.

మొదటి ఎగురుట

పిలుపు తెలిసిన పిల్లలను ఒక కంబిబుట్టలో పెట్టి సాయంకాలము గూటి కప్పుపై అరగంట ఉంచవలెను. ఇట్లు నాలుగైదు దినములు. అవి చుట్టునున్న చెట్లను, ఇండ్లను, కోవెల గోపురమును, చెరువును తలలు త్రిప్పి త్రిప్పి చూచును. పిదప గాలిలేని యొక సాయంకాలమున, మేతకు గంట ముందు, ఆకలిమీద నున్నప్పుడు తలుపు తెరచి ఊరకుండవలెను. బెదరించి తరుమరాదు. చేతితో ఎగురవేయరాదు. కుక్కలను, పిల్లలను దూరముంచవలెను. అవి తమంతట కప్పుపైకి వచ్చి, రెక్కలు కొట్టుకొని, మరల లోపలికి పోవును. చీకటి పడకమునుపే పిలిచి మేత వేయవలెను. మొదటి దినమున బెదరి ఎగిరిన పిల్ల, దిగుట తెలియక గాలికి కొట్టుకొనిపోవుట తరచుగా జరుగును. ఈ విద్యలో పోవు పిల్లలలో పెక్కు దూరపు విడుపులలో గాక ఈ మొదటి వారముననే పోవును. తొందరపడువారు ఇది గమనింపవలెను.

రెండు మూడు వారములలో అవి గుంపుగా కూడి గూటిచుట్టు తిరుగును. మరికొన్ని దినములకు గుంపంతయు కంటికి కనబడనంత దూరము పోయి, అరగంటకో గంటకో తిరిగివచ్చును. యజమాని గుండె ఒకింత కొట్టుకొనును గాని, ఇదియే మంచి గుర్తు. పిల్లలు తమంతట దేశమును చూచుచున్నవని తెలిసికొని, అప్పుడు బుట్ట సిద్ధము చేసికొనవలెను. ఇది సుమారు మూడు నెలల వయస్సు.

దారి ఎట్లు తెలియును?

దీనిని గురించి శాస్త్రజ్ఞులు చాలకాలముగా పరిశోధనలు చేయుచున్నారు. పావురము సూర్యుని చూచి దిక్కు నెరుగును. సూర్యుడు జరుగుచుండును గనుక వేళ యెంతయైనదో కూడ దానికి తెలియవలెను. అట్టి గడియారము దాని శరీరములోనే కలదు. పక్షులను చీకటిగదిలో ఉంచి, దీపములతో పగటివేళను ఆరు గంటలు జరిపి, పిదప ఎండలో విడువగా, అవి సరియైన దిక్కునకు ఇంచుమించు తొంబది అంశలు తప్పి బయలుదేరెను. మబ్బు కమ్మిననాడు భూమియొక్క అయస్కాంతశక్తి సహాయపడును. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున కీటన్ అను నతడు పక్షుల వీపున చిన్న అయస్కాంతములు కట్టి విడువగా, ఎండనాడు బాగుగనే పోయి మబ్బునాడు తడబడెనని 1971లో ప్రకటించెను. ఇటలీలో పీసా నగరమున పాపి మొదలగువారు, పక్షి గాలిలోని వాసనలనుబట్టి తానున్న తావును గ్రహించునని చూపిరి. గాలి సోకకుండ తెరలు కట్టిన గూళ్లలో పెరిగిన పక్షులు దూరమునుండి ఇల్లు చేరజాలకపోయెను. ఇంటికి చేరువైన పిదప బాటలను, ఏరులను కంటితో చూచి వచ్చును. వీనిలో దేనికెంత ప్రాముఖ్యమో అను విషయమున పండితులలో వాదములు ముగియలేదు.

వాదములు ముగియువరకు రైతు ఆగనక్కరలేదు. దీనినుండి మనకు కావలసినది ఇంతమాత్రమే: గూడు గాలికిని వెలుతురుకును తెరపిగా నుండవలెను, పిల్లలు చిన్ననాటనుండి ఆరుబయట విరివిగా ఎగురవలెను, మొదటి విడుపులు నిర్మలమైన ఎండ దినములలో జరుగవలెను.

విడుపులు

విడుచుటకు ముందు పిల్లలను వెదురుబుట్టకు అలవాటు చేయవలెను. ఒక రాత్రి నీళ్లముంతతో బుట్టలోనే ఉంచి, ఉదయమున గూటిముందే విడిచిన సరిపోవును. బుట్టలో ఒకదానినొకటి త్రొక్కుకొనునంత ఇరుకు పనికిరాదు. అడుగున గడ్డి పరువవలెను.

మొదటి విడుపు ఒకటి రెండు కిలోమీటర్లకు మించరాదు. ఊరిబయట తెరపిచోట, కరెంటు తీగెలకు దూరముగా బుట్టను పెట్టి పావుగంట ఆగవలెను. పక్షులు నలుదిక్కులు చూచి కుదుటపడిన పిదప మూత తీయవలెను. అవి రెండు మూడు చుట్లు తిరిగి ఇంటివైపు పోవును. ఆ దూరమునుండియే రెండు మూడు పర్యాయములు విడిచి, తడవులేక వచ్చుచున్నవని నిశ్చయమైన మీదటనే ఐదు కిలోమీటర్లకు, పిదప పదికి, పదునైదుకు, ఇరువదియైదుకు, నలువదికి, అరువదికి పోవలెను. ఒకనాటికిని మరియొకనాటికిని నడుమ విశ్రాంతి దినముండవలెను. ఒక దూరమున తడబడినచో వెనుకటి దూరమునకు దిగుటలో సిగ్గులేదు.

పది కిలోమీటర్లు గడచిన పిదప ఒక్కొక్కటిగా విడుచుట నేర్పవలెను. గుంపులో నాలుగు పక్షులు తెలివిగలవియైన మిగిలినవి వాని తోకపట్టి వచ్చును. వానిని చూచి అన్నియు నేర్చినవని మురియుట మోసము. ఐదైదు నిమిషముల యెడముతో, ముందు పోయినది కంటికి మరుగైన పిదప, రెండవదానిని విడువవలెను. అప్పుడే ఏ పక్షి ఎట్టిదో తెలియును. వార్త కొనిపోవలసినది ఒంటరిపక్షి గాని గుంపు కాదు.

ఉదయము మేత పెట్టక, నీళ్లు మాత్రము త్రాగించి, మంచు విడిచిన తరువాత విడువవలెను. వాన, పొగమంచు, గట్టి ఎదురుగాలి, వేసవి వడగాడ్పులు ఉన్ననాడు బుట్ట యింటనే ఉండవలెను. మధ్యాహ్నము దాటి దూరపు విడుపులు కూడదు. దారిలో చీకటి పడినచో పక్షి ఎచ్చటనో చెట్టుమీద వాలి గుడ్లగూబపాలగును. ఈకలు రాల్చు కాలమున, ముఖ్యముగా రెక్కల కొననున్న పెద్ద యీకలు ఊడినప్పుడు, దూరమునకు పంపుట క్రూరత్వము. మన దేశమున వానలు వెలిసిన మీదట చలికాలపు ఉదయములే ఈ పనికి అనుకూలమైనవి. అయితే సంక్రాంతి ముందు వెనుకల పట్టణములవైపు పంపరాదు. గాలిపటముల మాంజాదారము పక్షి రెక్కను కత్తివలె కోయును. చలికాలముననే ఉత్తరదేశములనుండి భైరిడేగలు వలసవచ్చుననుట కూడ నిజమే. జాలెడేగ మనయూళ్లలో ఎల్లకాలము ఉన్నదే. ఒకచోట డేగ తిరుగుచుండుట చూచినచో విడుచు తావును మార్చవలెను. డేగను కొట్టుట తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన అది నేరము. పొలములో ఎలుకలను తిని మనకు మేలుచేయు డేగలును గలవు.

బయలుదేరిన వేళయు, చేరిన వేళయు ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. గాలిలేని దినమున మంచిపక్షి గంటకు అరువది కిలోమీటర్ల వేగమున వచ్చును. ప్రతి పక్షి కడియపు గుర్తుక్రింద దాని విడుపులన్నియు వరుసగా ఉండినచో, ఏది జంటకట్టుటకు తగినదో పుస్తకమే చెప్పును. సంఘపు లెక్కలు వ్రాయ నేర్చినవారికి ఇది కష్టము కాదు.

మెడ తిప్పుకొనుచు గింజను పొడువలేక తప్పిపోవు పక్షి కానవచ్చినచో వెంటనే వేరుచేసి పశువైద్యునికి చూపవలెను. కోళ్లకు వచ్చు కొక్కెర తెగులువంటి జబ్బు పావురములకును గలదు. టీకా వేయించుటను గురించి ఆయననే అడుగవలెను. గూడు తుడుచునప్పుడు రెట్టధూళి ఊపిరిలోనికి పోకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఏండ్లతరబడి ఆ ధూళి పీల్చినవారికి ఊపిరితిత్తుల రోగము కలుగును. రెట్టను ముందు కొంచెము తడిపి, పిదప ఊడ్చి, పెంటకుప్పలో చివుకనిచ్చి పొలమునకు తోలుకొనవచ్చును.

ఆలస్యముగా వచ్చిన పక్షిని కొట్టుటగాని, ఆకలితో ఉంచుటగాని చేయరాదు. అది వచ్చుటయే దాని పని, ఎట్లు వచ్చినదో మనకు తెలియదు. రెక్కలు విప్పి గాయములున్నవేమో చూచి, నీళ్లు పెట్టి, సులభముగా అరుగు సజ్జలో జొన్నలో కొంచెము వేసి, మూడు నాలుగు దినములు బుట్ట చూపక ఉంచవలెను. ఆనాడు రాని పక్షికై ద్వారపు కంబులు వదలుగా ఉంచి, గూటికప్పుపై నీళ్లముంత పెట్టుట మరువరాదు. మరునాడు వచ్చునవి గలవు, వారమునకు వచ్చునవియు గలవు, కాలు దెబ్బతిని నడచుచు వాకిట చేరినవియు గలవు. పక్షము దినములవరకు దాని దండెమును వేరొక పక్షికి ఈయకుండుట మంచిది.